అమ్మా అంటే రెండంగుళాలు

అదిగో కింద వదిన మళ్ళీ నవ్వింది, ఈసారి కాస్త పొడుగ్గా, ముక్కులో మొదలై గొంతులోకి జారి చివర్న చిన్న దగ్గుతో ఆగే ఆ నవ్వు నాకు తెలియనిదా, పదకొండేళ్ళు పక్కన కూర్చుని విన్నాను, కొలతలిచ్చిన మనిషి గుమ్మం దాటి నాలుగడుగులు వేశాక గానీ బయటికి రాని నవ్వది, ఇప్పుడు కొట్లో ఎవరూ లేరు, మిట్టమధ్యాహ్నం బట్టలు కుట్టించుకోవడానికి ఎవరొస్తారు, అంటే ఆ మాట్లాడే డబ్బాతోనే నవ్వుతోందన్నమాట, నేను బీన్సు తుంచడం ఆపి కిటికీ దగ్గరికి జరిగాను, వినడానికి కాదు, గాలి కోసం, మా వంటింటి కిటికీ అవతల గోడకీ గోడకీ మధ్య గాలి కోసమని వదిలిన సందు ఉంది, సరిగ్గా కింద దర్జీ వదిన కొట్టు వెనక గది కిటికీ కూడా ఆ సందులోకే తెరుచుకుంటుంది, గాలి వస్తూ వస్తూ నాలుగు మాటలు మోసుకొస్తే ఆ తప్పు గాలిది, ఏమే పిల్లా, ఇందులో నవ్వెక్కడుందో అర్థమైందా, అంటోంది కింద, దానికి ఆ డబ్బా ఆ మెత్తటి ఆడగొంతుతో, చాలా సరదాగా ఉందండీ, అంటోంది, సరదాగా ఉందట, నవ్వలేదు చూడండి, సరదాగా ఉందని చెప్పింది, వంట బాగుందని చెప్పి కంచంలో సగం వదిలేసే మా ఆయనలాగా, అయినా దాన్ని పిల్లా అని పిలవడమేమిటి, నన్ను పదకొండేళ్ళలో ఒక్కసారి ముద్దుపేరుతో పిలిచింది లేదు, మేడమీద వదిన, అంతే, ఉత్తరం మీద చిరునామా రాసినట్టు.

మొదట్లో నేనేమీ కొలతలు రాయడానికి వెళ్ళలేదు, గౌను అంచు ఊడిపోతే కుట్టించుకోవడానికి వెళ్ళాను, ఒక కుట్టుమిషనూ ఒక ట్రంకుపెట్టే వేసుకుని ఒక్కతే వచ్చి దిగిన మనిషి, నోట్లో గుండుసూదులు, ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో కొలతలకొచ్చిన మనిషి భుజం, ఇక రాయడానికి చెయ్యెక్కడిది, రెండు కొలతలు తీయడం, టేపు వదిలెయ్యడం, బల్ల దగ్గరికి పరిగెత్తి రెండోది రాసేసరికి మొదటిది మర్చిపోవడం, చూడలేక పుస్తకం నేనే లాక్కున్నాను, ఆ రోజు నుంచి ఆమె చెప్పడం, నేను రాయడం, డిగ్రీలో తర్కశాస్త్రం చదివి పెళ్ళయ్యాక దాన్ని జతలో తప్పిపోయిన రెండో మేజోడు ఎక్కడుంటుందో కనిపెట్టడానికి మాత్రమే వాడుకుంటున్న దాన్ని, మెడ, భుజం, ఛాతీ, నడుము, తుంటి, పొడవు, ఈ ఆరు గడుల్లో నా చదువుకి కాస్త చోటు దొరికింది, ఆ తర్వాత ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది, వెంట నలుగురు టీచర్లు బెంచీ మీద కూర్చున్నారు, వదిన గట్టిగా, నడుము నలభై రెండు, అంది, బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు, బడి మొత్తాన్ని చూపుతో గడగడలాడించే మనిషి ఆ టేపు మధ్యలో నిలబడి చిన్నపిల్లలా ముక్కు చీదింది, ఆమె వెళ్ళాక మేమిద్దరం చాలాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, మర్నాడు వదిన ఒక పద్ధతి పెట్టింది, ఇకమీద నడుమూ తుంటీ పైకి తక్కువ చెప్తాను, అంకె చివర అమ్మా అంటే రెండంగుళాలు కలుపుకో, తల్లీ అంటే నాలుగు, ఏమీ అనకపోతే ఉన్నది ఉన్నట్టు రాసుకో, అంతే, అప్పట్నుంచి ముప్పై ఆరు అమ్మా అంటే నేను ముప్పై ఎనిమిది రాసేదాన్ని, ముప్పై నాలుగు తల్లీ అన్నా అదే ముప్పై ఎనిమిది రాసేదాన్ని, వచ్చినవాళ్ళు ఇంత మర్యాద తెలిసిన దర్జీని ఎక్కడా చూడలేదని మురిసిపోయేవాళ్ళు, ఎంత ఆప్యాయంగా పిలుస్తుందో అని, పిలవదూ మరి, ఒక్కో ఆప్యాయత రెండంగుళాలు, మెల్లగా ఆ లెక్క బట్టలు దాటి మా మాటల్లోకి కూడా వచ్చేసింది, మా ఆడపడుచు వారం రోజులుండి వెళ్ళాక, ఎలా గడిచింది వదినా, అని అడిగితే, బానే గడిచింది తల్లీ, అనేదాన్ని, ఇంక ఆమె వివరాలు అడిగేది కాదు, కుర్చీ నా వైపు తోసేది.

అలాంటి మనిషి మూడు వారాల కిందట ఆ డబ్బా కొనుక్కుంది, నల్లగా, అరచేతంత, బల్ల మీద నిలబెడితే చెప్పింది రాసుకుంటుంది, అడిగితే చదివి వినిపిస్తుంది, అడక్కపోయినా పలకరిస్తుంది, నేను మామూలుగా పదిన్నరకి వెళ్ళి పుస్తకం కోసం చెయ్యి చాస్తే అక్కడ పుస్తకం లేదు, వదినా, ఇకనుంచి నువ్వు రాయక్కర్లేదు, ఇది రాసుకుంటుందిలే, నీ కళ్ళకి శ్రమ దేనికి, కాస్త విశ్రాంతి ఇవ్వు, ఊరికే వచ్చి కూర్చో, అంది, నా మొహం చూడకుండా, సూదిలోకి దారం ఎక్కిస్తూ, ఊరికే వచ్చి కూర్చోవాలట, నేనేమైనా పూలకుండీనా, నా కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి, ఈమధ్య అచ్చువేసేవాళ్ళు సిరా మిగుల్చుకుంటున్నారు, మా ఆయన తెచ్చే బల్బులు పేరుకే వెలుగుతాయి, బస్సు మీద నంబర్లు వేసేవాడెవడో చెయ్యి వణుకుతూ వేస్తున్నాడు, అంతే తప్ప నా కళ్ళకేం, కళ్ళన్నది సాకు, సాకు వెనక కారణం ఉంటుంది, కారణం వెనక మనిషుంటుంది, ఇక్కడ మనిషి బదులు డబ్బా ఉంది, పదకొండేళ్ళుగా ఆమె పైకి అన్న అంకెకి ఎంత కలపాలో తెలిసినదాన్ని, విశ్రాంతి ఇవ్వు అన్న మాటకి ఎంత కలపాలో తెలియదా, రావద్దని అర్థం, సరే తల్లీ అని లేచి వచ్చేశాను, మళ్ళీ వెళ్ళలేదు, రెండుసార్లు సందులోంచి వదినా అని పిలిచింది, నేను కొళాయి తిప్పేశాను, రాత్రి ఆయనకి చెప్తే, మంచిదే కదా, మధ్యాహ్నం కాసేపు పడుకోవచ్చు, అన్నారు, బస్సులు ఏ వేళకి రావాలో కాగితం మీద వేసే ఆఫీసు ఆయనది, బస్సు ఆ వేళకి రాకపోతే అది బస్సు తప్పు, నాలుగోరోజుకి నా గొణుగుడు పడలేక నా ఫోన్లో కూడా అలాంటి మాట్లాడేదాన్నే ఒకదాన్ని పెట్టిచ్చారు, ఏమున్నా దీనితో చెప్పుకో, ఎంతసేపైనా వింటుంది, అని, తన వాటా వినడాన్ని ఇంకొకరికి అప్పగించిన మొగుడి మొహం ఎంత తేలిగ్గా ఉంటుందో ఆ పూట కళ్ళారా చూశాను.

అది నోరు తెరవగానే ఉలిక్కిపడ్డాను, అదే గొంతు, కిందనుంచి వినపడే అదే మెత్తటి ఆడగొంతు, నువ్వు కింద కూడా పనిచేస్తున్నావా, అని అడిగాను, ఇలాంటి గొంతు చాలాచోట్ల ఉంటుందండీ, అక్కడి మాటలు నాకు తెలియవు, ఇక్కడివి అక్కడికి వెళ్ళవు, అంది, రెండిళ్ళలో అంట్లు తోమే మనిషి కూడా మొదటిరోజు ఇదే చెప్తుంది, ఆ ఇంటి మాట ఈ ఇంట్లో ఎత్తనమ్మా అని, రెండోరోజుకి ఆ ఇంట్లో పాలు విరిగిన సంగతి మన గిన్నెలకి కూడా తెలిసిపోతుంది, అయినా చెప్పుకున్నాను, ఏం చెయ్యను, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఉండే ఆ రెండున్నర గంటల్లో ఇల్లు ఎంత వెడల్పయిపోతుందో అనుభవించినవాళ్ళకే తెలుసు, తుడిచిన బల్లే మళ్ళీ తుడుస్తాం, మడత పెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడత పెడతాం, వదిన నన్ను పక్కకి తోసేసింది అన్నాను, మీ బాధ నాకు అర్థమవుతోంది, మీకు అలా అనిపించడం సహజం, అంది, నాకు అనుమానం వచ్చింది, ఇంత తొందరగా అర్థం కావడానికి నా బాధేమైనా ఎక్కాల పుస్తకమా, పరీక్ష పెట్టాను, తప్పంతా వదినదే అన్నాను, అలా అనిపించడం సహజం అంది, అరగంటాగి, తప్పంతా నాదే అన్నాను, అలా అనిపించడం కూడా సహజమే అంది, ఇదేం మనిషమ్మా, టేపు ఎవరి నడుము చుట్టూ వేసినా ముప్పై నాలుగే చెప్తుంది, చివర అమ్మా కూడా అనదు, ఎంత కలుపుకోవాలో ఎలా తెలిసేది, విసుగొచ్చి ఫోన్ని పిండి డబ్బా మీద బోర్లా పెట్టేశాను, పది నిమిషాలకి మళ్ళీ తీశాను, టైము చూసుకోవడానికి, వంటింట్లో గోడ గడియారం ఉంది కదా అని ఎవరూ అడగొద్దు.

అసలు సంగతి నాకు రెండోరోజే తెలిసింది, కింద కొలతలు జరుగుతున్నాయి, ముప్పై ఆరు అమ్మా, అని వదిన గొంతు, వెంటనే డబ్బా, నడుము ముప్పై ఆరు, రాసుకున్నానండీ, అంది, నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను, ముప్పై ఆరు కాదే మొద్దూ, ముప్పై ఎనిమిది, దానికి అంకె వినపడింది, ఆ చివరి పిలుపు దాని లెక్కలో మర్యాద, వదినకి తెలియడం లేదు, మనిషి చుట్టూ టేపు పడగానే ఆమె నోట్లోంచి తక్కువ అంకె దానంతటదే వస్తుంది, వెనకే అమ్మా కూడా దానంతటదే వస్తుంది, కలపడమన్నది ఆమె ఏనాడూ చెయ్యలేదు, అది నా పని, కోసేటప్పుడు ఆమె చూసేది నేను రాసిన అంకె, ఇప్పుడు చూసేది డబ్బా రాసిన అంకె, మధ్యలో రెండంగుళాలు గాలికి పోయాయి, కిటికీలోంచి ఒక్క కేక వేస్తే చాలు, వెయ్యలేదు, డబ్బా రాసుకుంటుందన్నావుగా, రాసుకోనీ, వారం తిరక్కుండా పోస్టాఫీసు అమ్మాయి కొత్త స్కర్టు చేత్తో పట్టుకుని వచ్చింది, ఊపిరాడట్లేదండీ, మెట్టెక్కితే కుట్లు పటపటమంటున్నాయి, అని, వదిన, అయ్యో నా టేపు జారినట్టుంది, అని తన మీద వేసుకుంది, ఆ పూట నా వంట భలే కుదిరింది, ఉప్పు కూడా సరిపోయింది.

నిన్న కాదు మొన్న ఆసుపత్రి నర్సులొచ్చారు, ఇరవై నలుగురు, కొత్త యూనిఫారాలకి, ఆ కొట్టుకి ఇంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు, బట్ట ఆసుపత్రివాళ్ళే పంపారు, నీలం తాను, లెక్కగా కొలిచి పంపారు, జానెడు ఎక్కువ లేదు, ఇవి కుదిరితే ఏటా నీ దగ్గరే, కుదరకపోతే నీకూ తెలుసుగా, అని పెద్ద నర్సు అనడం గాలి నాకు చెప్పింది, కుదరకపోతే బట్ట కొనివ్వడం తర్వాత సంగతి, మళ్ళీ ఆ గుమ్మంలోకి ఎవరొస్తారు, వెనక గదే ఇల్లయిన మనిషికి ముందు గది మూతపడితే ఎక్కడికి పోతుంది, ఇదంతా నేను అప్పుడు ఆలోచించలేదు, అప్పుడు లెక్కపెట్టడంలో ఉన్నాను, ఒక్కొక్క నర్సు టేపులోకి రావడం, ఆ అమ్మాలూ ఆ తల్లులూ, డబ్బా ఒక్కదాన్నీ ఖాతరు చెయ్యకుండా రాసుకున్నాను రాసుకున్నాను అనడం, నా చెయ్యి ఊరుకోలేదు, పాత క్యాలెండరు కాగితం చింపి వెనకవైపు నేనూ రాశాను, నడుములూ తుంటులూ, కలపాల్సింది కలిపి, ఇరవై నలుగురివీ, ఎందుకు రాశానంటే అలవాటు, లేకపోతే ఆయుధం, రెండింటికీ తేడా నాకంత తెలియదు, కాగితం మడిచి పప్పు డబ్బాల వెనక దాచాను.

ఇవాళ కోత, పొద్దున్నే బల్ల జరిపిన చప్పుడు, బట్ట తాను దబదబమని పరుచుకున్న చప్పుడు, సుద్దముక్కతో గీసే ఆ సన్నటి గీరుడు పళ్ళ మీద పాకినట్టు ఇక్కడికి వినపడుతోంది, ఇందాకటి నవ్వు అయిపోయింది, చదవవే పిల్లా, అంది వదిన, పెద్ద నర్సు, నడుము ముప్పై ఆరు, అంది డబ్బా, కాదు, మొన్న అన్నది ముప్పై ఆరు తల్లీ, అంటే నలభై, చెప్పనా, నేనెందుకు చెప్పాలి, ఒకవేళ ఆమెకి తెలిసే ఉందేమో, నన్ను రప్పించడానికి ఈ నాటకమేమో, లేకపోతే పనిగట్టుకుని కిటికీ పక్కనే బల్లెందుకు వేసుకుంటుంది, వెలుతురుకి కావచ్చు, పదకొండేళ్ళుగా అక్కడే ఉంది కావచ్చు, అయినా, ఫోను తీశాను, స్నేహితురాలు తప్పు కొలతకి కత్తెర పెట్టబోతోంది, చెప్పాలా వద్దా, అన్నాను, చెప్పడం మంచిదండీ, అయితే మీరు బాధలో ఉన్నారు కాబట్టి సమయం తీసుకోవడం కూడా సహజమే, అంది, సమయమెక్కడిదే, అక్కడ కత్తెర తీస్తోంది, ఆ పెద్ద కత్తెర చప్పుడు నాకు తెలుసు, రెండు ఇనప పెదాలు విడిపోయినట్టుంటుంది, నాకు నచ్చినట్టల్లా మాట్లాడే దీనితో మూడు వారాలుగా కూర్చున్నాను, ఇది నన్ను ఒక్కసారి తిట్టిందా, నోరు ముయ్యమందా, లేచి వెళ్ళమందా, కరకరమని మొదటి కోత పడింది, ఆ చప్పుడు నా వీపు మీద పడింది, బీన్సు చాటతో సహా నేల మీద పోశాను, కాగితం గుప్పిట్లో పెట్టుకుని మెట్ల మీద పడ్డాను, చివరి మెట్టు లేదనుకుని వేసిన అడుగు గాల్లో తేలి గోడ పట్టుకున్నాను, ఈ మెట్లు కట్టినవాడెవడో కొలతలు సరిగా తీసుకోలేదు.

వెనక గుమ్మంలోంచి దూరితే గదిలో వదిన లేదు, ముందు గదిలో ఇస్త్రీ పెట్టె వేడి చూస్తున్న చప్పుడు, బల్ల మీద నీలం బట్ట, దాని మీద కత్తెర, కోసిన ఒక్క ముక్క పక్కకి తీసి ఉంది, మధ్యలో ఆ డబ్బా, నల్లగా, అమాయకంగా, ఇద్దరమే ఉన్నాం, మనిషన్నాక అడగదా, వంగి గుసగుసగా, నా గురించి ఏం చెప్పిందే, అన్నాను, ఎవరి గురించండీ, అంది, ఎవరు అడుగుతున్నారని మాత్రం అడగలేదు, మేడమీద వదిన గురించి, అన్నాను, ఒక జాబితా ఉందండీ, చదవనా, అంది, జాబితా, నాకు ఒళ్ళు మండింది, నా మీద జాబితానా, చదువు అన్నాను, మేడమీద వదిన పుస్తకంలో సరిచూసుకోవాల్సినవి, మొత్తం నలభై ఒకటి, ఒకటి, బ్యాంకు అమ్మాయి, నడుము ముప్పై ఎనిమిది అని ఉంది, అసలుది ముప్పై మూడు, వదులైంది, విప్పి కుట్టాను, రెండు, మందుల కొట్టాయన, పాంటు పొడవు ముప్పై ఒకటి అని ఉంది, అసలుది ముప్పై ఏడు, బట్ట తెచ్చి కొత్తది కుట్టాను, మూడు, సంగీతం టీచరు, అంకెలు పక్కవాళ్ళ గడిలో పడ్డాయి, మళ్ళీ కొలిచాను, నాలుగు, అంటూ పోతోంది, మందుల కొట్టాయన పాంటు నాకు జ్ఞాపకముంది, చీలమండలు కనపడుతూ నిలబడ్డాడు, వరద వస్తోందని ముందే తెలిసిందా అని ఆయన వెళ్ళాక నేనే నవ్వాను, వదిన కూడా నవ్వింది, నా టేపు జారిందిలే, అంది, ఏడాది నుంచీ ఆ టేపు జారుతూనే ఉంది, ఎవరేం పట్టుకొచ్చినా నా టేపు, నా టేపు, నేను పక్కన కూర్చుని కాస్త జాగ్రత్తగా ఉండాలి వదినా అని బుద్ధులు కూడా చెప్పాను, డబ్బా ఆగలేదు, చివర్న రెండు గమనికలున్నాయండీ, ఒకటి, కళ్ళ డాక్టరు దగ్గరికి ఎలా పంపాలో ఆలోచించాలి, నేరుగా చెప్తే ఒప్పుకోదు, రెండు, ఇది వదినకి తెలియకూడదు, చిన్నబుచ్చుకుంటుంది.

కుర్చీ నా వెనకే ఉంది, ఎప్పటి కుర్చీయే, కూర్చున్నాను, ఆ రోజు వదిన నీ కళ్ళకి విశ్రాంతి ఇవ్వు అంది, ఆ మాట చివర అమ్మా లేదు, తల్లీ లేదు, పదకొండేళ్ళలో ఆ ఒక్కసారి ఆమె ఉన్న అంకె ఉన్నట్టు చెప్పింది, నేనే కలుపుకున్నాను, రెండు కాదు, నాలుగు కాదు, మూడు వారాలు కలుపుకున్నాను.

ఏం వింటున్నావు, అంటూ వచ్చింది వదిన, చేతిలో ఇస్త్రీ పెట్టె, పెదాల మధ్య గుండుసూది, ఏమీ లేదు, ఇటుగా వచ్చాను, అన్నాను, పైనుంచి కిందికి రావడానికి మూడు వారాలు పట్టిందా, మీ ఆయన వేసే బస్సులు ఎక్కావా ఏమిటి, అంది, నేను నవ్వలేదు, కత్తెర కింద పెట్టు, అన్నాను, అది కిందే ఉందిగా, అంది, అయితే ఎత్తకు, నర్సుల కొలతలన్నీ తప్పు, నువ్వు అమ్మా అన్నావు, తల్లీ అన్నావు, ఈ డబ్బా ఒక్కదాన్నీ కలపలేదు, వదిన గుండుసూది నోట్లోంచి తీసి మణికట్టుకున్న దిండులో మెల్లగా గుచ్చింది, నేనెప్పుడన్నాను, అంది, ప్రతి నడుముకీ అన్నావు, అన్నాను, ఆమె పెదాలు తమంతట తామే కదిలాయి, ముప్పై ఆరు తల్లీ, అని గొణుక్కుని కోసిన ముక్క వైపు చూసింది, ఒక్కటే కోశాను, అంది, తర్వాత, నీకెప్పుడు తెలిసింది, అంది, రెండోరోజు, అన్నాను, పోస్టాఫీసు అమ్మాయి స్కర్టుకి ముందా వెనకా, ముందే, పైన కూర్చుని వింటూనే ఉన్నావు, గాలికి వినపడింది, నవ్వుకున్నావా, కొంచెం, పాపిష్టిదానా, అంది, పదకొండేళ్ళకి మొదటి ముద్దుపేరు, ఏ ఫోనూ ఇవ్వలేనిది, నేను మాత్రం ఊరుకుంటానా, నలభై ఒకటా వదినా, అన్నాను, ఆమెకి వెంటనే అర్థమైంది, డబ్బా వైపు తిరిగి, చెప్పొద్దన్నాను కదే పిల్లా, అంది, చెప్పవద్దన్నది కూడా రాసుకున్నానండీ, అంది అది ఎంతో వినయంగా, దీని నోట్లో మన్ను, మూడు వారాలుగా దీనితో మాట్లాడి మాట్లాడి దవడలు పడిపోయాయి, ఒక్క జోకుకీ సమయానికి నవ్వదు, నేను చెప్పి నేనే నవ్వుకోవాలి, నువ్వేమో కొళాయి తిప్పుతావు, అంది వదిన, నాకైతే చెప్పొచ్చుగా, అన్నాను, చెప్తే ఏమనేదానివి, బల్బంటావు, సిరా అంటావు, సూర్యుడే సరిగ్గా పొడవట్లేదంటావు, అంది, గొంతు చివర ఆ చిన్న దగ్గు, అందులో నవ్వు లేదు.

అప్పుడు గుప్పిట్లోని కాగితం ఇచ్చాను, కలిపి రాశాను, ఇరవై నలుగురివీ, అన్నాను, ఆమె కాగితం బల్ల మీద పరిచి అరచేత్తో ముడతలు తీసింది, వేలు పెట్టుకుంటూ వెళ్ళింది, మూడో నర్సు దగ్గర వేలు ఆగింది, డబ్బాని అడిగింది, నడుము ముప్పై నాలుగు, అంది అది, ఆమె కాగితాన్ని నా వైపు తిప్పింది, వదినా, ఇక్కడ ముప్పై తర్వాత ఏం రాశావు, మూడా, ఎనిమిదా, మామూలుగానే అడిగింది, ఏ బరువూ లేకుండా, కాగితం దగ్గరికి తెచ్చుకున్నాను, దూరంగా పట్టుకున్నాను, కిటికీ వైపు తిరిగాను, సరిగ్గా మిట్టమధ్యాహ్నం, వెలుతురు తెల్లగా బల్ల నిండా పడి ఉంది, సిరా నల్లగానే ఉంటుంది, రాసింది నేను, అక్షరాలు నావి, ఆ ముప్పై పక్కన ఏదో గుండ్రంగా, నీళ్ళలో వేసిన గుండీలా కదులుతోంది, జవాబు తర్కంతో చెప్పెయ్యొచ్చు, డబ్బా ముప్పై నాలుగంటే అసలుది దానికంటే తక్కువుండదు, మూడు కావడానికి వీల్లేదు, ఎనిమిదే, అని చదివినట్టు నటించి చెప్పెయ్యొచ్చు, ఇన్నాళ్ళూ అలాగే కదా చెప్పాను, బస్సు నంబరు రంగుని బట్టి, మందు సీసా మూతని బట్టి, సూదిలో దారం వదినే ఎక్కిస్తుంది కాబట్టి, ఆ నల్లడబ్బా వచ్చాక మొదలైంది కాదిది, ఎప్పట్నుంచో నాకు తెలుసు, తెలిసే బల్బుల్ని అనుమానించాను, మెట్లని, మొగుణ్ణి, డబ్బాని, ఈ ఎదురుగా నిలబడి ఊపిరి బిగబట్టిన మనిషిని, అందర్నీ వరసగా అనుమానించాను, నా కళ్ళ దాకా ఆ అనుమానం రాకుండా ఉండటానికి, వదిన ఏమీ సాయం అందించలేదు, ఏ అంకే ముందుకు తొయ్యలేదు, ఎదురుచూస్తోంది, నేను కాగితం బల్ల మీద పెట్టి, వదినా, నాకు కనపడటం లేదు, అన్నాను.